బ్యాటరీ షెడ్డు తొట్టి

హెల్త్ ఇన్‌స్పెక్టరుగా కొత్తగా చేరినవాళ్లు అప్పుడప్పుడు మా ఇంటికొచ్చి, "మీ అనుభవాలు చెప్పండి సార్" అని అడుగుతుంటారు. కలరా రోజుల గురించి చెబుతాను. టీకాల వాళ్లొస్తున్నారని తెలిసి ఊరు ఊరంతా జీడితోటల్లోకి పారిపోయిన సంగతి చెబుతాను. నవ్వుకుని, కాఫీ తాగి వెళ్లిపోతారు. ఈ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. వాళ్లకి పనికొచ్చేది ఇదొక్కటేనని తెలిసి కూడా చెప్పలేదు. మనిషి తన తెలివితక్కువతనాన్ని నలుగురిలో సరదాగానే చెప్పుకుంటాడు. పిరికితనం దగ్గరికొచ్చేసరికి మాట పెగలదు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

పని ఏమిటంటే

అరవైల చివర్లో నన్ను నెల్లిమర్ల అవతల మెట్ట మీదున్న ఒక మిలటరీ శిక్షణ శిబిరానికి డిప్యుటేషన్ మీద పంపారు. పాత దళం ఖాళీ చేసి వెళ్లిపోయింది. వానలు వెనకబట్టాక కొత్తవాళ్లు వస్తారు. ఈలోగా ఆవరణంతా శుభ్రం చేయించాలి. ఆర్డరులో "పారిశుధ్యం" అని ఒక్క మాట రాసి ఉంది.

వెళ్లి చూద్దును కదా, సగం పూడ్చి వదిలేసిన మరుగుదొడ్ల కందకాలు. వంటశాల వెనక మనిషెత్తు చెత్త, దాంట్లో పందికొక్కులు. లారీల షెడ్డు వెనక ఏళ్ల తరబడి పారబోసిన నల్ల నూనె నేలలోకి ఇంకిపోయి, తొలకరి చినుకు పడగానే రంగురంగులుగా తేలి పక్కనే పారే గెడ్డలోకి దిగేది. ఆ గెడ్డ అవతలి ఊరి పశువులు ఆ నీళ్లే తాగేవి. తుపాకుల మైదానం చివర మట్టికట్ట నిండా తూటాలు. వాటన్నిటికీ ఒక పక్కగా బ్యాటరీ షెడ్డు, దాని ముందు పగిలిన లారీ బ్యాటరీల గుట్ట.

శిబిరం బాధ్యత చూసే మేజరు రోజూ పొద్దున్నే చేతికర్ర ఊపుకుంటూ వచ్చేవాడు. ఉత్తరాది మనిషి. నూనె గుంట చూపిస్తే మట్టి కప్పించమన్నాడు. కందకం చూపిస్తే దానిమీదా మట్టి కప్పించమన్నాడు. దారి పక్క రాళ్లకి సున్నం కొట్టారా లేదా అన్నది మాత్రం వంగి వంగి చూసేవాడు. నేనూ కొట్టించాను. ఆ వేసవిలో అక్కడ సున్నం అంటని రాయి లేదు.

ఈ ఉద్యోగంలో ఎవరూ మీకు చెప్పని మాట ఒకటి చెబుతాను. శుభ్రం చేయడమంటే నూటికి తొంభైసార్లు చెత్తని ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చడమే. ఆ ఇంకోచోట ఎవరున్నారన్నది మీరే అడగాలి, మీ ఫారాల్లో ఆ గడి ఉండదు. నేను నూనె గురించి అడిగాను, కందకాల గురించి అడిగాను, గెడ్డ గురించి పోట్లాడాను కూడా. ఒక్క తొట్టి గురించి అడగలేదు.

పైడమ్మ జట్టు

గెడ్డ అవతలి ఊరి నుంచి ఇరవైమంది కూలికి వచ్చేవారు. ఎక్కువమంది ఆడవాళ్లే. ఊరి పేరు రాయను, వాళ్ల పిల్లలూ మనవలూ ఇప్పటికీ అక్కడే ఉన్నారు. జట్టుకి పెద్ద పైడమ్మ. నలభై అయిదు దాటిన మనిషి, ఎముకలగూడులా ఉండేది గానీ మట్టితట్ట ఎత్తితే మగవాళ్లు పక్కకి తప్పుకునేవారు. చుట్ట నిప్పు నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ పీలుస్తూనే మాట్లాడేది, మాట ఒక్కటి కూడా పొల్లు పోయేది కాదు. నన్ను చూస్తే దానికి కాస్త వేళాకోళం.

"రాళ్లన్నీ అయిపోనాయి బాబూ. మిగిలిన సున్నం మా మొకాలకి కొట్టీమంటారేటి?" అని ఒకరోజు అందరిముందూ అడిగేసింది. పక్కనే ఉన్న మేజరుకి తెలుగు రాదు కాబట్టి బతికిపోయాను.

దాని కోడలు గౌరి. కొడుకు నెల్లిమర్ల జూటు మిల్లులో పని. పెళ్లయిన నాలుగేళ్లకి గౌరికి కడుపు నిలిచింది, అప్పటికి నాలుగో నెల. బరువు ఎత్తనివ్వకుండా పైడమ్మ దానికి చీపురు పని అప్పజెప్పి, గంటకోసారి నీడలోకి తరిమేది. "ఒలే, కూకో. నువ్వు మోసింది సాలు" అనేది. అత్తాకోడళ్ల మధ్య అంత ఆపేక్ష నేను ఎక్కువ ఇళ్లలో చూడలేదు.

ఆ జట్టు ప్రాణమంతా తరవాణి మీద ఉండేది. గంజిని పులియబెట్టి, అందులో అన్నం కలుపుకుని, ఉల్లిపాయో పచ్చిమిరపకాయో కొరుక్కుంటూ తాగేవారు. తరవాణి కుండని పూర్తిగా ఖాళీ చెయ్యరు. అడుగున కాస్త పులుపు ఉంచి, రోజూ కొత్త గంజి దానిమీదే పోస్తారు. పైడమ్మ జట్టుకి ఇంట్లోనే చేసి, కుండల్లో గెడ్డ దాటించి తెచ్చేది. వాళ్లలో నలుగురైదుగురు మాత్రం తమ అంబలి తామే తెచ్చుకునేవారు.

చైత్రం ఎండల్లో ఒకరోజు పైడమ్మ గెడ్డ గట్టు దిగుతూ జారిపడి రెండు కుండలు పగలగొట్టుకుంది. ఆ పూట జట్టులో చాలామంది ఉత్త కడుపుతో పని చేశారు. మధ్యాహ్నానికి ఒకావిడ కళ్లు తిరిగి కందకం పక్కన పడిపోయింది. నాకు జాలేసింది. తరవాణి ఇక్కడే చేసి పెట్టుకుంటే మోసుకొచ్చే బాధ ఉండదు కదా అనుకున్నాను.

బ్యాటరీ షెడ్డులో ఒక చెక్క తొట్టి ఉంది. లోపలంతా బూడిదరంగు లోహపు రేకు తాపడం. యాసిడ్ పోసుకునే తొట్టి. ఇన్నేళ్లు యాసిడ్‌లో ఉన్నా ఎక్కడా తుప్పు మచ్చ లేదు. దాన్ని బయటికి లాగించి, సోడాతో ఒకసారి, బూడిదతో మూడుసార్లు తోమించాను. ఒక రోజంతా నీళ్లు నిలవుంచి, లిట్మస్ కాగితం ముంచి చూశాను. నీలి కాగితం నీలిగానే ఉంది. యాసిడ్ పోయింది, తొట్టి శుభ్రం.

"సూడండి బాబూ, ఎండిలాగ మెరస్తంది" అని పైడమ్మ మురిసిపోయింది. నేనూ మురిసిపోయాను.

ఆ రేకు ఏ లోహమని నేను ఎవర్నీ అడగలేదు. షెడ్డు చూసుకునే హవల్దారు సెలవు మీద ఊరెళ్లాడు. వచ్చేదాకా ఆగాలన్న ఆలోచన కూడా రాలేదు. నాకు భయం యాసిడ్ గురించి, కాబట్టి యాసిడ్‌కే పరీక్ష చేశాను. మీ చేతిలో ఉన్న పరీక్ష మీరు వేసిన ప్రశ్నకి తప్ప దేనికీ జవాబు చెప్పదు.

తీపెక్కిన తరవాణి

పది రోజులయ్యాక పైడమ్మ ఒక వింత చెప్పింది.

"ఈ తొట్లో ఏటో బాబూ, తరవాణి సరీగా పులవదు. తియ్యగుంటంది. మా గౌరికి మాత్రం సానా ఇష్టంగున్నాది. రెండు సెంబులు తాగతంది."

"నీ చేతి తీపి అయ్యుంటుందిలే" అన్నాను నవ్వుతూ. అందరూ నవ్వారు. ఆ మాట తర్వాత దాని మెడకి ఎలా చుట్టుకుందో తల్చుకుంటే ఈరోజుకీ నాలుక కోసుకోవాలనిపిస్తుంది.

నెల దాటేసరికి జట్టులో ఒక్కొక్కరే కడుపు పట్టుకుని మెలికలు తిరగడం మొదలైంది. విరేచనాలు కావు, వాటికి ఎదురు. నాలుగేసి రోజులు కడుపు బిగిసిపోయి, బొడ్డు చుట్టూ మెలిపెట్టే నొప్పి. ముఖాలు పాలిపోయాయి. శిబిరం డాక్టరు నులిపురుగులన్నాడు, ఆముదం తాగించాడు. నేను నీళ్లని అనుమానించి రెండు బావుల్లోనూ బ్లీచింగ్ పొడి కుమ్మరించాను. అంబలి తెచ్చుకునేవాళ్లకి ఏమీ కాలేదని నేను గమనించాను కూడా. వాళ్లది గట్టి ఒళ్లు అనుకున్నాను. అంత కళ్లెదుట ఉన్నదాన్ని చూడకపోవడానికి కారణం ఒక్కటే, ఆ తొట్టి నేనిచ్చిన మంచి వస్తువు. మనం చేసిన మంచిపనిని మనం అనుమానించం.

గౌరికి ఆరో నెలలో నొప్పులొచ్చాయి. మగపిల్లాడు, ఊపిరి లేకుండా పుట్టాడు. పైడమ్మ రెండు రోజులాగి పనిలోకి వచ్చింది. చుట్ట లేదు, మాట లేదు. తట్ట ఎత్తబోతే మణికట్లు వేలాడిపోయి తట్ట కిందపడింది. మళ్లీ ఎత్తింది, మళ్లీ పడింది. దుఃఖంతో ఒంట్లో సత్తువ పోయిందనుకుని ఇంటికి వెళ్లిపొమ్మన్నాను. వెళ్లలేదు. తొట్టి పక్కన కూర్చుని రెండు అరచేతుల మధ్యా ముంత ఇరికించుకుని, వచ్చినవాళ్లకి తరవాణి ముంచి పోసింది.

హవల్దారు

మర్నాడు హవల్దారు సెలవు నుంచి దిగాడు. తమిళుడు, నాతో ఇంగ్లీషులో మాట్లాడేవాడు. ఆడవాళ్లు ఆ తొట్లోంచి ముంచుకు తాగడం దూరం నుంచి చూసి పరుగెత్తుకొచ్చాడు. అది సీసపు రేకని, యాసిడ్‌కి అదొక్కటే తట్టుకుంటుందని చెప్పాడు. గంజి పులుపు మాత్రం సీసాన్ని కరిగిస్తుందనీ, కరిగితే తియ్యగా ఉంటుందనీ, ఇది బ్యాటరీ షెడ్డులో పనిచేసే ఎవడికైనా మొదటి వారంలోనే చెబుతారనీ అన్నాడు. జట్టుని ఆ పూటకి ఇంటికి పంపేశాను.

మధ్యాహ్నం బస్సులో విజయనగరం వెళ్లి మా హెల్త్ ఆఫీసరు గారికి అంతా చెప్పాను. ఆయన చెడ్డమనిషి కాదు. ఎంత తాగి ఉంటారు, ఎన్నాళ్లు తాగారు అని శ్రద్ధగా అడిగారు. మానేస్తే నెమ్మదిగా తేరుకుంటారన్నారు. పెన్ను మూత పెట్టి, "గ్యాస్ట్రో అని రాయండి" అన్నారు. "సీసం అని రాస్తే తొట్టి ఎవరిచ్చారని అడుగుతారు. మీకు పెళ్లయి ఏడాది కాలేదు. తొట్టి తీసేయండి, అంతే. కారణం ఎవరికీ చెప్పకండి."

ఆయన నన్ను కాపాడుతున్నారనుకున్నాను. నిజంగానే కాపాడారు. ఇలా కాపాడే పైఅధికారి మీకూ దొరుకుతాడు. వాడి దగ్గర జాగ్రత్తగా ఉండండి.

మర్నాడు పొద్దున్న జట్టు రాకముందే తొట్టి తీయించి స్టోరులో పెట్టించి తాళం వేయించాను. జట్టు వచ్చాక అందర్నీ నిలబెట్టి, "పైడమ్మా, ఇకమీద నువ్వు తరవాణి చెయ్యొద్దు. ఎవరి తిండి వాళ్లే తెచ్చుకోండి" అన్నాను. అంతే అన్నాను. ఎందుకో చెప్పలేదు. అందరి ముఖాలూ ఒక్కసారి పైడమ్మ వైపు తిరిగాయి. అది నోరు తెరిచి, ఏదో అడగబోయి మానేసింది. చల్లటి తరవాణి పోయిందని అందరికీ బెంగ కాబోలు అనుకుని నేను ఆఫీసు గదిలోకి వెళ్లిపోయాను. వెళ్లి గ్యాస్ట్రో అని రాశాను.

నా మాటే సాక్ష్యం

తర్వాతి వారంలో నొప్పులు తగ్గుముఖం పట్టాయి. నా గుండె కుదుటపడింది. ఊళ్లో దానికి ఇంకో అర్థం తీశారని నాకు తెలియదు.

పైడమ్మ పనిలోకి రావడం మానేసింది. చేతులు బాగాలేక అనుకున్నాను. తొట్టి తీసిన పన్నెండో రోజు, జట్టులో అప్పయ్యమ్మ అనే ఆవిడని పైడమ్మ ఎలా ఉందని అడిగాను. ఆవిడ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"అదింక రాదు బాబూ. దానికి సిల్లంగి ఉన్నాదని తేలిపోనాది."

చిల్లంగి అంటే చేతబడి. నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు.

"ఎవరు తేల్చారు?"

"అదేటి బాబూ, అలగడుగుతారు? మీరే కదా దాన్ని తరవాణి ముట్టుకోవద్దన్నారు! మీరు సదువుకున్నోరు, మీకు తెలవకపోతే అంటారేటి? దాని సెయ్యి తప్పించినారు, మా నొప్పులు పోనాయి. సొంత కోడలి కడుపు కూడా తినీసింది. తీపి దాని సేతిదేనని మీరు మొదట్లోనే అన్నారు కదా."

"ఏం చేశారు దాన్ని?"

"మంత్రం పలక్కుండా ముందరి పళ్లు రాల్గొట్టీసినారు" అంది. ఆవిడ గొంతులో కోపం లేదు. పాముని కొట్టామన్నట్టు చెప్పింది.

ఊరివాళ్లది మూఢనమ్మకమని మీరు అనుకుంటే సులువే. నేనూ చాలా ఏళ్లు అలా అనుకోవడానికి ప్రయత్నించాను. కానీ వాళ్ల లెక్కలో తప్పెక్కడుంది చెప్పండి? ఆ చేతి తరవాణి తాగినవాళ్లకే జబ్బు. తాగనివాళ్లకి లేదు. ఆ చెయ్యి తప్పించగానే తగ్గింది. నేను చదువుకుని కూడా చూడనిది వాళ్లు చూశారు. వాళ్లకి అందనిది ఒక్కటే, తొట్టి. దాన్ని తాళం వేసి దాచింది నేను.

తర్వాత జరిగినవి ముందే చెప్పేస్తాను. రిపోర్టు మళ్లీ రాశాను, సీసమనే రాశాను, తొట్టి నేనే ఇచ్చానని రాశాను. హెల్త్ ఆఫీసరు గారు దాన్ని సొరుగులో పెట్టుకున్నారు. నాకు ఏ శిక్షా పడలేదు. కొత్త దళం వచ్చే ముందు మేజరు ఆవరణంతా తిరిగి, చాలా శుభ్రంగా ఉందని నాకు చెయ్యి కలిపాడు. పైడమ్మ చేతులు ఏడాదికి కొంత తేరుకున్నాయని విన్నాను. మళ్లీ చూడ్డానికి వెళ్లే మొహం నాకు లేకపోయింది.

గెడ్డ అవతల

అప్పయ్యమ్మ ఆ మాట చెప్పగానే చేస్తున్న పని వదిలేసి గెడ్డ దాటాను. ఎండ నడినెత్తిన ఉంది. ఊరి వీధిలో నిలబడి కనిపించినవాళ్లందర్నీ పిలిచి చెప్పాను. తప్పు పైడమ్మది కాదు, తొట్టిది, అది ఇచ్చిన నాది. సీసమంటే ఏమిటో, పులుపుకి ఎలా కరుగుతుందో అన్నీ చెప్పాను. విన్నారు. ఒక ముసలాయన, "దాన్ని ఎనకేసుకురావడానికి సెప్తన్నారేటి బాబూ?" అన్నాడు. కాదని ఒట్టేశాను. ఇద్దరు మగవాళ్లు తల దించుకుని ఇళ్లలోకి వెళ్లిపోయారు. పళ్లు రాల్గొట్టింది వాళ్లేనని నాకు తెలిసిపోయింది.

పైడమ్మ ఇల్లు వీధి చివర. అది గుమ్మంలో కూర్చుని ఉంది. పెదవులు ఇంకా వాచి ఉన్నాయి. చేతులు ఒళ్లో రెండు గుడ్డపేలికల్లా పడున్నాయి. నేను నేలమీద కూర్చుని మళ్లీ మొదట్నుంచీ చెప్పాను. మాట తడబడింది, ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. అది అంతా వింది. పళ్లు లేని నోటితో మాట కూడదీసుకుని, "నాకెందుకు బాబూ? నానేటి సెయ్యనేదో నాకు తెల్దా?" అంది. లోపలికి తల తిప్పి చూపించింది. "దానికి సెప్పండి. అది నా సేతి నీళ్లు ముట్టడం నేదు."

గౌరి లోపల మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. మూలగా ఇంకో పొయ్యి, దాని మీద గౌరికి వేరే చిన్న కుండ. నేను గుమ్మంలోంచే మూడోసారి చెప్పాను. పిల్లాడు పోవడానికి కారణమూ అదేనని చెప్పాను. గౌరి లేచి కూర్చుంది.

"మీకెప్పుడు తెలిసింది బాబూ?"

అబద్ధం చెప్పొచ్చు. ఈరోజే తెలిసిందంటే ఎవరు కాదంటారు?

"పన్నెండు రోజులయింది" అన్నాను.

గౌరి వేళ్లు మడిచి లెక్క చూసుకుంది. "అత్త పళ్లు రాల్గొట్టింది మొన్న శుక్రారం" అంది. "అయిదు రోజులే అయ్యింది."

అది నా వైపు ఇంక చూడలేదు. గుమ్మంలో ఉన్న అత్త వీపు వైపే చూస్తూ, "అత్తా, దాహవేస్తంది" అంది.

పైడమ్మ గబగబా లేచి లోపలికొచ్చింది. నీళ్ల కుండ దగ్గర వంగి, రెండు ముంజేతుల మధ్యా చెంబు పట్టుకుని ఎత్తబోయింది. మణికట్లు నిలవలేదు, చెంబు ఒరిగి నీళ్లు సగం నేలపాలయ్యాయి. సాయం పడదామని నేను చెయ్యి చాపి ముందుకొచ్చాను.

"మీరు ముట్టుకోకండి బాబూ" అంది గౌరి.